నేరస్థలాల మీదుగా చెన్నపట్నం: చూడవలసినవి, తెలుసుకోవలసినవి

ఉపాధి కోసమో చదువు కోసమో చెన్నపట్నం చేరిన తెలుగువారికి ఎగ్మూరు స్టేషను, ప్యారీస్ కార్నర్, రాయపురం పరిచయమైన పేర్లే. రైలు దిగేది ఒకచోట, సరుకు కొనేది ఒకచోట, అద్దెకుండేది మరొకచోట. ఒకప్పుడు దక్షిణదేశమంతటా పత్రికలు పతాక శీర్షికలకెక్కించిన నేరాలు, విచారణలు ఈ వీధులతోనే ముడిపడి ఉన్నాయి. వాటి ఆనవాళ్లను చూడాలనుకునేవారు ఒక్క రోజులో, మెట్రో రైలు మీదా కాలినడకనా, చాలావరకు చూడగలరు.

రక్తపాతపు కథలను నెమరువేసుకోవడం ఈ యాత్రకు ప్రయోజనం కాదు. పేరుమోసిన ప్రతి నేరం వెనుక చట్టానికో, సంస్థకో, శాస్త్రానికో సంబంధించిన ఒక మార్పు గాని, ఒక హెచ్చరిక గాని కనిపిస్తుంది. నగరం ఆ అనుభవం నుంచి నేర్చుకున్నదేమిటో తెలుసుకుంటే, కొత్తగా వచ్చినవారికి కోర్టు, పోలీసు ఠాణా అంటే ఉండే బెరుకు కొంత తగ్గుతుంది.

ఎగ్మూరు: పోలీసు మ్యూజియం, రైల్వే స్టేషను

యాత్రకు ఎగ్మూరు అనువైన ఆరంభం. చాలాకాలం నగర పోలీసు కమిషనరు కార్యాలయంగా ఉన్న పాత భవనాన్ని బాగుచేసి, 2021 సెప్టెంబరులో తమిళనాడు పోలీసు మ్యూజియంగా తెరిచారు. పాతకాలపు ఆయుధాలు, దుస్తులు, వైర్‌లెస్ పరికరాలు, నేరపరిశోధనకు వాడిన సామగ్రి ఇక్కడ చూడవచ్చు. పిల్లలతో వెళ్లే కుటుంబాలకు కూడా ఇది తగిన చోటు. సెలవు దినాలు, వేళలు ముందుగా కనుక్కొని బయలుదేరడం మంచిది.

ఎగ్మూరు రైల్వే స్టేషనుకు మరొక చరిత్ర ఉంది. సింహళానికి వెళ్లే ప్రయాణికులు ఎక్కే బోట్ మెయిల్ ఇక్కడి నుంచే ధనుష్కోటి వైపు సాగేది. 1952 ఆగస్టు చివరలో ఆ బండిలోని ఒక ట్రంకుపెట్టె నుంచి దుర్వాసన వస్తున్నదని ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. మానామధురైలో దానిని దించి తెరిస్తే, లోపల తల లేని మొండెం కనిపించింది. మృతుడెవరో, ఏ ఊరివాడో చెప్పగల ఆధారం పైకి ఏదీ లేదు.

చైనా బజారు నుంచి రాయపురానికి

అదే సమయంలో మద్రాసులో ఆళవందార్ అనే వ్యాపారి కనబడడం లేదని పోలీసులకు ఫిర్యాదు అందింది. ఆయన ఒకప్పుడు సైన్యంలో పనిచేసి, తరువాత చైనా బజారులో ఒక పెన్నుల దుకాణం ఆవరణలో ప్లాస్టిక్ వస్తువులు అమ్ముతుండేవాడు. చైనా బజారు నేడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ రోడ్డు. కొద్ది రోజులకే రాయపురం సముద్రతీరాన ఇసుకలో పాతిపెట్టిన తల దొరికింది.

తల ఒకచోట, మొండెం మరొకచోట దొరికినప్పుడు అవి రెండూ ఒకే మనిషివని న్యాయస్థానంలో నిరూపించడం ఎలా? ఈ ప్రశ్నే ఆ కేసును నేరపరిశోధన చరిత్రలో నిలిపింది. మద్రాసు వైద్య కళాశాల నిపుణులు రెండింటినీ పరీక్షించి, అవి ఒకే వ్యక్తివని తేల్చారు. మృతుని వేలిముద్రలను సైన్యంలో చేరినప్పుడు తీసుకున్న ముద్రలతో సరిచూసి, అతడు ఆళవందారేనని నిర్ధారించారు. నిందితులైన భార్యాభర్తలు బొంబాయిలో పట్టుబడ్డారు. మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తి ఎ.ఎస్. పంచాపకేశ అయ్యర్ ఎదుట, జ్యూరీ సమక్షంలో విచారణ జరిగింది. మృతుడు ఆ స్త్రీని వేధించాడన్న వాదనను, ఆవేశంలో జరిగిన ఘటన అన్న అంశాన్ని న్యాయస్థానం పరిగణనలోకి తీసుకున్నది. భర్తకు 7 సంవత్సరాలు, భార్యకు 3 సంవత్సరాలు శిక్ష పడింది.

నేరపరిశోధనలో విజ్ఞానశాస్త్రపు పాత్ర మద్రాసుకు కొత్త కాదు. విషప్రయోగం వంటి కేసులలో పదార్థాలను పరీక్షించేందుకు 1849లోనే ఇక్కడ రసాయన పరీక్షకుని ప్రయోగశాల ఏర్పడింది. దేశంలో ఈ తరహా సంస్థలలో అదే మొదటిది. ఆళవందార్ కేసు ఆ శాస్త్రం శక్తిని సామాన్య ప్రజల కళ్లకు కట్టింది.

రాయపురం వెళ్లేవారు 1856లో దక్షిణభారతపు తొలి రైలు బయలుదేరిన స్టేషను భవనాన్ని కూడా చూడవచ్చు. కేసుకు సంబంధించిన ఇంటి కోసం మాత్రం వెదకనక్కరలేదు. ఆ వీధుల్లో నేడున్నవి ఇతరుల కాపురాలు.

వేపేరి: ఒక కత్తిపోటు, ఇద్దరు తారలు

ఎగ్మూరుకు ఆనుకొని రైలుపట్టాల అవతల ఉన్నది వేపేరి. 1944 నవంబరు 8న అక్కడి జనరల్ కాలిన్స్ రోడ్డులో రిక్షాలో వెళుతున్న లక్ష్మీకాంతన్ అనే పత్రికాసంపాదకుని కొందరు కత్తితో పొడిచారు. మరునాడు ఆయన జనరల్ ఆసుపత్రిలో మరణించాడు. ‘సినిమా తూదు’, ‘హిందూ నేశన్’ పత్రికల ద్వారా సినిమావారి సొంత జీవితాలను వీధికీడ్చినవాడని ఆయనకు పేరు. అందువల్ల అనుమానం సినీరంగంపైకి మళ్లింది.

ఆనాటి తమిళ సినిమాలో సాటిలేని గాయకనటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధినేత ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు అరెస్టయ్యారు. శ్రీరాములు నాయుడు తెలుగు ప్రేక్షకులకూ తెలిసినవాడే, 1954లో ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన ‘అగ్గిరాముడు’ చిత్రానికి దర్శకుడు ఆయనే. విచారణలో ఆయన నిర్దోషిగా విడుదలయ్యాడు. భాగవతార్‌కు, కృష్ణన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. హైకోర్టులో చేసుకున్న అప్పీలు వీగిపోయింది.

వారు అంతటితో ఆగక లండనులోని ప్రివీ కౌన్సిల్‌ను ఆశ్రయించారు. ప్రివీ కౌన్సిల్ కేసును పునర్విచారణకు తిప్పి పంపింది. 1947 ఏప్రిల్‌లో హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికి వారు రెండేళ్లకు పైగా జైలులో గడిపారు. వారి పక్షాన వాదించిన న్యాయవాది వి.ఎల్. ఎతిరాజ్ మరుసటి సంవత్సరం స్థాపించిన మహిళా కళాశాల నేటికీ ఎగ్మూరులో ఉన్నది.

విడుదలయ్యాక కృష్ణన్ తిరిగి నిలదొక్కుకున్నాడు గాని భాగవతార్ పూర్వవైభవం మళ్లీ రాలేదు. ఆయన ‘హరిదాస్’ చిత్రం బ్రాడ్వే థియేటరులో మూడు దీపావళులు చూసింది. ఆ బ్రాడ్వే వీధికే నేడు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టి ప్రకాశం సాలై అంటున్నారు. లక్ష్మీకాంతన్‌ను చంపినదెవరో నేటికీ తేలలేదు. వేపేరిలో స్మారకఫలకమేదీ లేదు. రద్దీగా ఉండే ఒక మామూలు రోడ్డు మాత్రమే ఉన్నది. నిందితుడు వేరు, నేరస్థుడు వేరు అన్న భేదాన్ని ఆ రోడ్డంత గట్టిగా గుర్తుచేసే చోటు నగరంలో మరొకటి లేదు.

హైకోర్టు

పైన చెప్పిన రెండు విచారణలకూ వేదిక హైకోర్టే. 1862లో ఏర్పడిన ఈ న్యాయస్థానం 1892 నుంచి ఇప్పటి ఎర్రరాతి రంగు గుమ్మటాల భవనంలో నడుస్తున్నది. భవనం శిఖరం కొంతకాలం ఓడలకు దీపస్తంభంగా కూడా పనిచేసింది. దీనికి సమీపంలోనే అదే పేరు గల మెట్రో స్టేషను ఉన్నది. ఇది పనిచేస్తున్న న్యాయస్థానం కనుక లోపలికి ప్రవేశం భద్రతా నిబంధనలకు లోబడి ఉంటుంది. గుర్తింపుకార్డు దగ్గర ఉంచుకోవాలి. అనుమతి లేనిదే ఫోటోలు తీయరాదు.

రాజాజీ సాలై: రక్తం చిందని నేరం

హైకోర్టు నుంచి కొద్దిదూరం నడిస్తే, సముద్రం వైపు రాజాజీ సాలై వస్తుంది. ఇదివరకు దీనిని ఫస్ట్ లైన్ బీచ్ అనేవారు. ఇక్కడి అర్బత్‌నాట్ కంపెనీ మద్రాసులోని పెద్ద వ్యాపారసంస్థలలో ఒకటి. బ్యాంకుగా కూడా వ్యవహరించేది. ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు, ఆలయాలు, ధర్మసంస్థలు తమ సొమ్మును నమ్మకంగా అందులో దాచుకున్నారు. 1906 అక్టోబరు 22న ఆ సంస్థ చేతులెత్తేసింది. వేలాది కుటుంబాల పొదుపు ఒక్క పూటలో చిక్కుల్లో పడింది. సంస్థ పెద్ద సర్ జార్జ్ అర్బత్‌నాట్‌పై విచారణ జరిగి, ఆయనకు 18 నెలల కఠిన శిక్ష పడింది. తెల్లదొర, అందునా బిరుదు పొందినవాడు జైలుకు వెళ్లడం ఆనాటికి అరుదైన సంగతి.

ఈ దెబ్బ నుంచే ఒక మేలు పుట్టింది. దేశీయుల సొమ్ము దేశీయుల పర్యవేక్షణలో ఉండాలని న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యర్ తదితరులు పూనుకోగా, 1907లో ఇండియన్ బ్యాంకు ఆవిర్భవించింది. దాని కార్యాలయం రాజాజీ సాలై మీద నేటికీ కనిపిస్తుంది.

వలసకుటుంబాలకు ఈ మజిలీ ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. అధిక వడ్డీ ఆశ చూపే సంస్థలకు, రిజిస్ట్రేషను లేని చీటీలకు ముందుగా చిక్కేది ఊరికి కొత్తవారే. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉన్నది. చేతిరాత పుస్తకంతో నడిచే చీటీకి అటువంటి రక్షణ లేదు. చీటీ కట్టేముందు అది 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైనదో కాదో రిజిస్ట్రారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

నగరానికి వెలుపల: శ్రీపెరుంబుదూరు

చెన్నైకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు రహదారి మీద ఉన్నది శ్రీపెరుంబుదూరు. 1991 మే 21న మాజీ ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ఎన్నికల ప్రచారం ముగించుకొని, విమానంలో మద్రాసు చేరి, రాత్రి అక్కడి సభకు వెళ్లి మానవబాంబు దాడిలో హతుడయ్యాడు. ఆయనతో పాటు మరి 14 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో విధినిర్వహణలో ఉన్న పోలీసులూ ఉన్నారు. ఘటన జరిగిన చోట స్మారకచిహ్నం వెలసింది. మౌనంగా దర్శించవలసిన చోటు అది.

చూడవలసిన స్థలం లేని కేసు

1980ల చివర తిరువాన్మియూరు ప్రాంతంలో జరిగిన వరుస హత్యల కేసులో ‘ఆటో’ శంకర్‌కు మరణశిక్ష పడింది. 1995లో సేలం జైలులో అమలైంది. ఈ కేసుకు సంబంధించి చూడదగిన స్థలమేదీ లేదు గాని, తెలుసుకోదగిన తీర్పు ఒకటి ఉన్నది. శంకర్ జైలులో రాసిన ఆత్మకథను ‘నక్కీరన్’ పత్రిక ప్రచురించబోగా, అధికారులు అభ్యంతరం చెప్పారు. 1994లో సుప్రీంకోర్టు ధర్మాసనం పక్షాన తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి తీర్పు రాశారు. కోర్టు దస్తావేజుల వంటి బహిరంగ రికార్డులలో ఉన్న విషయాలను ప్రచురించవచ్చు. ఆ ప్రచురణను ముందుగానే అడ్డుకొనే అధికారం ప్రభుత్వానికి లేదు. అయితే ప్రతి పౌరునికీ ఏకాంతంగా బ్రతికే హక్కు ఉన్నది. ముఖ్యంగా లైంగిక నేరాలకు గురైన స్త్రీల పేర్లను బయటపెట్టరాదు. తీర్పు సారాంశం ఇదే.

నేరస్థలాలను చూడబోయేవారికి ఇంతకన్న మంచి నియమావళి లేదు. బహిరంగ రికార్డులో ఉన్నది చదవవచ్చు, చర్చించవచ్చు. నివాసగృహాల తలుపులు తట్టడం, కాపురమున్నవారిని ప్రశ్నించడం, బాధితుల కుటుంబాలను గుర్తించే ప్రయత్నం చేయడం తగదు. లైంగిక నేరాల బాధితుల వివరాలను సామాజిక మాధ్యమాలలో పెట్టడం శిక్షార్హమైన నేరం కూడా.

వెంట తీసుకువెళ్లవలసిన నాలుగు మాటలు

నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా ఏ పోలీసు ఠాణాలోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. అది తరువాత సంబంధిత ఠాణాకు చేరుతుంది.

నిందితునికి కోర్టు భాష తెలియకపోతే, సాక్ష్యాన్ని అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలని చట్టం చెబుతున్నది. తమిళం రాదన్న కారణంతో ఎవరూ మౌనంగా నష్టపోనక్కరలేదు.

న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారు, స్త్రీలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. దీనికి ఫోను సంఖ్య 15100.

అత్యవసర సమయంలో 112, ఆన్‌లైన్ మోసం జరిగిన వెంటనే 1930 సంఖ్యలకు ఫోను చేయాలి. భాగవతార్‌కు లండను దాకా వెళ్లే అండ ఉన్నది. నేడు అంతటి అండ లేనివారికి మొదటి మెట్టు ఈ సంఖ్యలే.