పొట్టలో నీరు, లోపల గడ్డ: అంతా క్యాన్సరేనా?

కొవ్వూరు చుట్టుపక్కల ఒక ఊరిలో స్త్రీల కూడికకు అందరికన్నా ముందు వచ్చి చాపలు పరిచే అక్కయ్య ఒకరున్నారు. కొన్నేళ్ల క్రితం ఆమె రావడం మానేశారు. వెళ్లి చూస్తే మంచం మీద వెనుక దిండ్లు పెట్టుకొని కూర్చొని ఉన్నారు. పడుకుంటే ఆయాసమట. పొట్ట ఏడో నెల గర్భిణికి ఉన్నట్టుంది, చేతులూ మెడా మాత్రం ఎండిపోయాయి. వయసు యాభై ఆరు. "గ్యాసమ్మా, తిన్నా తినకపోయినా ఇంతే" అన్నారు. ఆ గ్యాసుకు ఊళ్లోని ఆర్.ఎం.పి. గారు నాలుగు నెలలుగా బిళ్లలు ఇస్తూనే ఉన్నారు.

స్త్రీల జబ్బేమైనా ఉందేమో చూపించుకున్నారా అని అడిగాము. "గర్భసంచి ముప్పై రెండో ఏటే తీసేశారుగా, ఇంక అక్కడేముంది?" అన్నారు.

ఈ మాట దగ్గర మనం కాస్త ఆగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం, మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసేశారు. దేశంలో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. అందులో ఎన్ని అవసరమైనవో అది వేరే వ్యాసం. అయితే గర్భసంచి తీసినా చాలామందికి దాని పక్కనుండే రెండు అండాశయాలను ఉంచేస్తారు. వాటిలో గడ్డ ఎప్పుడైనా రావచ్చు. మీ ఆపరేషనులో ఏమి తీశారో, ఏమి ఉంచారో మీకు తెలుసా? ఆనాటి కాగితం ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి.

అక్కయ్యను వాళ్ల అబ్బాయి గోదావరి దాటించి రాజమండ్రి తీసుకువెళ్లాడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు కనబడింది. సూదితో లీటరుకు పైగా తీశారు. ఊపిరి ఆడింది, కానీ పదిహేను రోజుల్లో నీరు మళ్లీ చేరింది. అప్పుడు పొట్ట స్కానింగ్ చేస్తే అండాశయం మీద గట్టి గడ్డ ఉన్నదన్నారు. సి.ఎ. 125 అనే రక్తపరీక్షలో 35 లోపు ఉండవలసిన అంకె వందల్లోకి వెళ్లింది. గడ్డ, పొట్టలో నీరు, రొమ్ములో నీరు, పెరిగిన అంకె: నాలుగూ కలిపి చూసిన ఒక ఆసుపత్రిలో, "ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపోండి" అన్నారట. ఇంటికి తెచ్చేశారు. చుట్టాలు చూడడానికి రావడం మొదలుపెట్టారు.

తోడికోడలు ఊరుకోలేదు. ఇంకో లేడీ డాక్టరుగారికి చూపించాలని పట్టుబట్టింది. ఆ డాక్టరుగారు కాగితాలన్నీ పరచుకొని చూసి, తీసిన నీటిలో క్యాన్సరు కణాలు వెదికారా అని అడిగారు. వెదికించారు, కనబడలేదు. అది ఒక్కటే చూసి క్యాన్సరు కాదని అనలేమని కూడా ఆమే చెప్పారు. ఎం.ఆర్.ఐ. తీయించి, గడ్డ అంచులు శుభ్రంగా ఉన్నాయని చూశాక, "ఇది ఏదైనా సరే, తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. అంతవరకు పేరు పెట్టకండి" అన్నారు. ఆపరేషను అయింది. గడ్డ ఫైబ్రోమా అని రిపోర్టు వచ్చింది. అంటే క్యాన్సరు కాదు, నారకణజాలంతో పెరిగిన కణితి. కొద్ది వారాల్లో పొట్టలో నీరూ, రొమ్ములో నీరూ వాటంతట అవే పోయాయి.

దీనికి మెగ్స్ సిండ్రోమ్ అని పేరు. అమెరికాలోని బోస్టన్ నగరపు వైద్యుడు జో విన్సెంట్ మెగ్స్, మరొక వైద్యునితో కలిసి 1937లో ఇటువంటి ఏడుగురు స్త్రీల సంగతి ప్రచురించాడు. అండాశయపు గడ్డలన్నిటిలో ఫైబ్రోమాలే తక్కువ, వాటిలోనూ ఇలా నీరు చేరేవి నూటికి ఒకటి మాత్రమే. గడ్డ వలన పొట్టలో చేరిన నీరు ఉదరవితానం గుండా పైకి పోయి, ఎక్కువగా కుడివైపు రొమ్ములో నిలుస్తుందని వైద్యులు అంటారు. పాపం ఆ రక్తపరీక్షను తప్పుపట్టి లాభం లేదు. సి.ఎ. 125 క్యాన్సరుకు మాత్రమే పెరగదు. బహిష్టు రోజుల్లో, గర్భసంచి గడ్డలకు, పొత్తికడుపు క్షయకు, పొట్టలో ఏ నీరు చేరినా పెరగవచ్చు. మన దేశంలో పొత్తికడుపు క్షయ అచ్చం అండాశయపు క్యాన్సరులా కనబడి వైద్యులనే తికమక పెడుతుంది.

పూర్వం స్కానింగులు లేవు కదా, అప్పుడెలా అంటారేమో. 1809లో అమెరికాలోని కెంటకీలో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే తల్లికి పొట్ట పెరిగితే కవలలన్నారు. ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ అనే వైద్యుడు చేతితో పరీక్షించి, ఇది గర్భం కాదు, అండాశయపు గడ్డ అని చెప్పాడు. ఆమె గుర్రం మీద 60 మైళ్లు ప్రయాణం చేసి అతని ఊరు చేరింది. మత్తుమందు ఇంకా రాని రోజులు. కీర్తనలు వల్లిస్తూ బల్లమీద పడుకున్నదని చెబుతారు. సుమారు 10 కిలోల గడ్డ తీశాడు. ఆమె ఇంకా 32 ఏళ్లు బ్రతికింది.

ఇంకొక రకం గడ్డ గురించి చెప్పకపోతే ఈ ప్రాంతపు వాళ్లం కానట్టే. డెర్మాయిడ్ అనే గడ్డను కోస్తే లోపల కొవ్వు, జుట్టు, ఒక్కోసారి పళ్లు ఉంటాయి. అది చూసి "చిల్లంగి పెట్టారు" అని పక్కింటివాళ్లతో పగ పెంచుకున్న ఇళ్లు ఉన్నాయి. శరీరంలోని ఏ భాగమైనా కాగల శక్తి అండకణానికి ఉన్నది గనుక, అది దారి తప్పి పెరిగినప్పుడు జుట్టూ పన్నూ అవుతుంది. అరుదుగా థైరాయిడ్ గ్రంథి కణజాలమే అండాశయంలో పెరుగుతుంది, దానిని స్ట్రూమా ఓవరీ అంటారు. ఎవరూ ఏమీ పెట్టలేదు.

సిగ్గు సంగతి కూడా చెప్పుకోవాలి. మగ డాక్టరుకు చూపించుకోలేక మన స్త్రీలు చనిపోతున్నారనే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి వైద్యం మొదలుపెట్టింది. నేడు లేడీ డాక్టర్లకు కొదువ లేదు, అయినా పొత్తికడుపు పరీక్ష అనగానే చీర కుచ్చిళ్లు బిగించి పట్టుకుంటాము. చేతి పరీక్ష ఐదు నిమిషాల పని. పొట్టపై నుంచి చేసే స్కానింగ్‌కు నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకొని వెళ్లాలి. గడ్డ అండాశయానిదని అనుమానమున్నప్పుడు, బయటినుండి సూదితో పొడిచి ముక్క తీయడానికి వైద్యులు సాధారణంగా ఇష్టపడరు. లోపలిది బయటికి చిందవచ్చునని భయం. తీసిన గడ్డను మాత్రం తప్పక ముక్క పరీక్షకు పంపమనండి, ఆ రిపోర్టు అడిగి తీసుకోండి. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలైన పథకం ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో ఉంది. ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషనుకు వర్తిస్తుందో బయలుదేరే ముందే అడగండి. పాత ఎక్స్‌రేలు, స్కానింగులు, చీటీలు ఒక్క సంచిలో వేసుకొని వెళ్లండి.

ఒక్క విషయంలో మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. గడ్డ ఉన్నదని తెలిసిన స్త్రీకి ఉన్నట్టుండి ఒకపక్క పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తే గడ్డ మెలితిరిగి ఉండవచ్చు. వాముకషాయం ఇచ్చి పడుకోబెట్టకుండా ఆ రాత్రే వంతెన దాటించండి.