పచ్చని యిసుక తీరము

పసిఫిక్ మహాసముద్రమున హవాయి ద్వీపములు కలవు. వానిలో పెద్దదాని దక్షిణాగ్రమునకు కాలే యని పేరు. ఆ దాపుననుండి తీరము వెంబడి ఈశాన్యముగా సుమారు 4 కిలోమీటర్లు నడచినచో పాపకోలేయ యను చిన్న అఖాతము వచ్చును. త్రోవలో ఒక్క చెట్టునీడయైనను లేదు. గాలి విసురునకు దుమ్ము కన్నులలో పడును; త్రాగునీరు వెంట తీసికొనిపోవలయును.

గట్టుమీదనుండి క్రిందికి చూచినవారికి ఒడ్డెల్ల నాచు పట్టినట్లు తోచును. దిగి దోసిట నెత్తి చూచినచో, ఆ పచ్చదనము ఇసుకదే! ఆ రేణువులు ఆలివీన్ అను ఖనిజపు స్ఫటికములు. ఇనుము, మెగ్నీషియములతో సిలికా చేరి యేర్పడినవి. లావా చల్లారునపుడు మొదట గట్టిపడు ఖనిజములలో నిదియొకటి.

సుమారు 49,000 ఏండ్ల క్రిందట మౌనలోవా యగ్నిపర్వతపు ప్రక్కను లేచిన గుట్ట యొకటి యిచట కలదు. సముద్రము దాని నొకవైపున కోసివేసినది. అలలు తేలికయైన నల్లని రేణువులను లాగికొనిపోవుచుండగా, బరువైన ఆలివీన్ నిలిచిపోవుచున్నది. బియ్యమును నీట గాలించునపుడు రాళ్లు అడుగున మిగులుట యిట్టిదే.

ఆ గుట్ట కరగువరకే యీ యిసుక. దానిని తీసికొనిపోవుట నిషిద్ధము. అయినను జేబులలో వేసికొనువారు లేకపోలేదు. నడువనొల్లక బండ్లెక్కి వచ్చువారి చక్రములు నేలను లోతుగా కోసినవి. పూర్వపు హవాయి జనుల నివాసపు గురుతులు సైతము ఆ నేలలోనే కలవు.