దొంగను చూపిస్తే జైలా?

ఊళ్లో దొంగలు పడ్డారు. చూసినవాడు వెళ్లి పోలీసులకు చెప్పాడు. పోలీసులు వచ్చి, చెప్పినవాణ్ణే పట్టుకుపోయారు. ఇదేం న్యాయం అంటారు కదూ? రష్యా దేశంలో ఇలాంటిదే జరిగింది.

సెర్గేయ్ మాగ్నిట్‌స్కీ మాస్కో నగరంలో ఉండేవాడు. పన్నుల లెక్కలు చూడటం ఆయన పని. 2007లో పోలీసులు ఒక పెట్టుబడుల కంపెనీ ఆఫీసు సోదా చేశారు. కాగితాలు, ముద్రలు పట్టుకుపోయారు. అసలేం జరుగుతోందో చూడమని ఆ కంపెనీ వాళ్లు ఆయనకు చెప్పారు.

ఆయన ఒక్కొక్క కాగితమే చదివాడు. మోసం బయటపడింది. ఎవరో కంపెనీలను దొంగతనంగా తమ పేర రాయించుకున్నారు. "పన్ను ఎక్కువ కట్టాం, తిరిగి ఇవ్వండి" అని అర్జీ పెట్టారు. పన్నుల ఆఫీసు ఒక్క రోజులో ఒప్పుకుంది. 540 కోట్ల రూబుళ్లు ఇచ్చేసింది. అది ఎవరి డబ్బు? ప్రభుత్వ ఖజానా డబ్బు. అంటే జనం సొమ్ము!

2008లో ఆయన వాంగ్మూలం ఇచ్చాడు. అందులో పోలీసు అధికారుల పేర్లు చెప్పాడు. ఆ నవంబరులోనే ఆయన్ని అరెస్టు చేశారు. కంపెనీ పన్ను ఎగ్గొట్టడానికి సాయం చేశాడని కేసు పెట్టారు.

జైల్లో ఆయనకు జబ్బు చేసింది. కడుపునొప్పితో విలవిల్లాడాడు. వైద్యం చేయించండని అర్జీ మీద అర్జీ రాశాడు. సరైన వైద్యం అందలేదు. దాదాపు ఏడాది గడిచింది. కేసు విచారణకే రాలేదు. 2009 నవంబరు 16న ఆయన జైల్లోనే చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు.

కథ అక్కడితో ఆగలేదు. 2013లో చనిపోయిన మనిషి మీద విచారణ జరిపారు. బోను ఖాళీగా ఉంది. అయినా "నేరస్థుడే" అని తీర్పు చెప్పారు. ఆయన చావుకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు.

2019లో ఐరోపా మానవ హక్కుల కోర్టు తీర్పు ఇచ్చింది. మొదటి అరెస్టును ఆ కోర్టు తప్పు పట్టలేదు. కానీ అన్నాళ్లు జైల్లో ఉంచడం తప్పు అంది. కాపలావాళ్లు ఆయన్ని కొట్టారని, ప్రభుత్వం ఆయన ప్రాణం కాపాడలేదని చెప్పింది. చచ్చిపోయినవాడిని నేరస్థుడు అనడమూ తప్పే అంది.

ఆయన పోయాడు. ఆయన రాసిన కాగితాలు మాత్రం పోలేదు. వాటిని ప్రపంచం చదివింది. 2012లో అమెరికా ఆయన పేరుతో ఒక చట్టం చేసింది. ఈ వ్యవహారంలో ఉన్న అధికారులు తమ దేశంలో అడుగు పెట్టకూడదంది. వాళ్లకు అక్కడ ఆస్తులుంటే కట్టడి చేసింది. తర్వాత మరికొన్ని దేశాలూ ఇలాంటి చట్టాలు చేశాయి.

ఆలోచించండి: లెక్క అడిగినవాడు ఒంటరివాడైతే నోరు నొక్కడం తేలిక. పదిమందీ చదివి, పదిమందీ అడిగితే?