గుండెపోటు తరువాత కాపురం
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారు. గండం గడిచిందని అత్తగారు ఏడుకొండలవాడికి ముడుపు కట్టారు. చుట్టాలు వచ్చి చూసి వెళ్ళారు. ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. ఉప్పు ఎంత వెయ్యాలో, నూనె ఎన్ని చెంచాలో, పొద్దున్నే ఎంతసేపు నడవాలో, ఏ మాత్ర ఎప్పుడు మింగాలో అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క సంగతి మాత్రం లేదు. రాత్రి పడకగది తలుపు వేసుకున్న తరువాత మాటేమిటి? డాక్టరుగారు చెప్పలేదు, మీరూ అడగలేదు.

ఈవేళ ఆ మాటే చెప్పుకుందాం. సిగ్గుపడవలసింది ఇందులో ఏమీ లేదు. పిల్లలు దగ్గరుంటే కాసేపు ఆడుకోమని పంపండి, అంతే.

మన ఇళ్ళల్లో సాధారణంగా ఏమవుతుందంటే, వచ్చిన మొదటి రోజే పడకలు వేరైపోతాయి. ఆయనకి నిద్ర చెడకూడదని మీరు పిల్లల గదిలో చాప వేసుకుంటారు. కాని మీకు నిద్ర పడుతుందా? అర్ధరాత్రి లేచి వెళ్ళి ఊపిరి ఆడుతోందా లేదా అని చూసి వస్తారు. వారాలు నెలలవుతాయి. ఇంక ఈ వయసులో అవన్నీ ఎందుకులెమ్మని పెద్దవాళ్ళు అననే అంటారు. అనకపోయినా అన్నట్టే మనకి వినిపిస్తుంది.

నాకు తెలిసిన ఒకావిడ ఉంది. యాభై నిండలేదు. భర్తకి గుండెపోటు వచ్చాక ఎనిమిది నెలలు పక్కగదిలోనే పడుకుంది. ఆయన చెయ్యి పట్టుకోబోతే ‘మందు వేసుకున్నారా?’ అంటూ లేచిపోయేది. తన వల్ల ఆయన ప్రాణానికి ఏమైనా అయితే జన్మంతా ఆ పాపం మొయ్యాలి కదా అని ఆవిడ భయం. ఆయనేమో, నేనింక పనికిరాని మనిషినని ఈవిడ తేల్చేసుకుంది అనుకున్నారు. ఒకరితో ఒకరు చెప్పుకున్నది లేదు. ఒకరోజు కూరలో ఉప్పు లేదని ఆయన కంచం తోసేసి లేచిపోయారు. గొడవ ఉప్పు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంతకీ ఆ భయంలో నిజమెంత?

అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన హెల్లర్‌స్టీన్, ఫ్రీడ్‌మన్ అనేవాళ్ళు నడివయసు మగవాళ్ళ ఒంటికి చిన్న ఇ.సి.జి. యంత్రం తగిలించి, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళని మామూలుగా ఉండనిచ్చారు. ఫలితాలు 1970లో ప్రచురించారు. భార్యతో కలిసినప్పుడు గుండె వేగం అన్నిటికన్నా ఎక్కువగా చేరింది సగటున నిమిషానికి 117. అదే మగవాళ్ళు పగలు తమ పనులు చేసుకుంటున్నప్పుడు 120 దాకా వెళ్ళింది. అంటే ఆఫీసులో పడే శ్రమకన్నా ఇది ఎక్కువేమీ కాదన్నమాట. పైగా ఆ గరిష్ఠ వేగం ఉండేది పది పదిహేను సెకండ్లే. ఆ వెంటనే మామూలు స్థితికి వచ్చేస్తుంది.

ఈ లెక్కలన్నీ మనకెందుకు, మెట్ల లెక్క చాలు. రెండంతస్తుల మెట్లు మామూలు వేగంతో ఎక్కి, గుండెలో నొప్పి గాని మరీ ఆయాసం గాని లేకుండా నిలబడగలిగితే ఆ గుండె దాంపత్యానికీ తట్టుకుంటుంది. చురుగ్గా నడిచి కూరల మార్కెట్టుకి వెళ్ళి రాగలిగినా అంతే. అనుమానంగా ఉంటే టి.ఎం.టి. అని నడిపించి చేసే పరీక్ష ఉంది, డాక్టరుగారే చేయిస్తారు.

‘అలా అలాగే పోయాట్ట’ అని ఎవరో ఎవరి గురించో చెవిలో చెప్పే కబురు ఒకటి ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. గుండెపోట్లన్నిటిలోనూ కలయిక వల్ల వచ్చేవి నూటికి ఒకటి కూడా లేవు. అలా చనిపోయినవాళ్ళ వివరాలు తీస్తే, చాలామంది కట్టుకున్న భార్యతో ఉన్నవాళ్ళు కారు. కొత్త చోట, కొత్త మనిషితో, కడుపునిండా తిని, తాగి ఉన్నవాళ్ళు. ఇక దీని మీద నేను వ్యాఖ్యానించను!

ఒకసారి గుండెపోటు వచ్చి కోలుకున్న మనిషికి ఏ గంటలోనైనా మళ్ళీ వచ్చే అవకాశం పది లక్షల్లో పది పాళ్ళు ఉంటే, కలయిక తరువాతి రెండు గంటల్లో అది ఇరవై అవుతుందని 1996లో ఒక పరిశోధనలో లెక్క కట్టారు. రెట్టింపు అనగానే గుండె ఝల్లుమంటుంది గాని, పది లక్షల్లో ఇరవై ఎంతని? క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్ళలో ఆ పెరుగుదల కూడా దాదాపు లేదు. అందుకే పొద్దున్న నడకకి బద్ధకిస్తే ఊరుకోకండి.

మరి ఎప్పటినుంచి? చిక్కులేమీ లేని గుండెపోటైతే, నడిచినా చిన్న పనులు చేసినా నొప్పీ ఆయాసం లేకపోతే, వారం దాటాక తప్పులేదని అమెరికా గుండె వైద్యుల సంఘం 2012లో చెప్పింది. మన డాక్టర్లు కొందరు ఇంకొన్ని వారాలు ఆగమనవచ్చు, వాళ్ళ మాట వినండి. స్టెంటు వేసిన మణికట్టు దగ్గరో గజ్జ దగ్గరో గాయం మానాలి. బైపాస్ ఆపరేషనుకి రొమ్ము ఎముక కోస్తారు కనుక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, ఆ తరువాత కూడా కొన్నాళ్ళు రొమ్ము మీద బరువు పడనివ్వకూడదు. కదలకుండా కూర్చున్నా నొప్పి వస్తోందన్నా, బి.పి. అదుపులో లేదన్నా, కాళ్ళు వాచి ఆయాసపడుతున్నా, ముందు అవి సర్దుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం చెవులొగ్గి వినండి. గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేటు మందులు ఇస్తారు. నాలుక కింద పెట్టుకునే మాత్ర అదే. మగతనానికని అమ్మే సిల్డెనాఫిల్ మాత్ర, అదే వయాగ్రా, దీనితో కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు, నైట్రేటు తగలకూడదు. రోజూ నైట్రేటు వాడే మనిషి ఆ మాత్రల జోలికే పోకూడదు. మీవారు మొహమాటపడి, మీకూ డాక్టరుకీ చెప్పకుండా స్నేహితుడిచ్చింది జేబులో వేసుకురావచ్చు. కోప్పడకుండా అడగండి. శక్తినిస్తాయని అమ్మే కొన్ని పొడుల్లో, లేహ్యాల్లో ఇదే మందు గుట్టుగా కలిపి పట్టుబడ్డ సందర్భాలున్నాయి. ‘ఆకుమందే కదా’ అనుకోవద్దు.

కలయిక మధ్యలో గుండెలో నొప్పి వస్తే ఆపెయ్యాలి. కూర్చోబెట్టి, డాక్టరు రాసిన మాత్ర నాలుక కింద పెట్టాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చెయ్యాలి. పైన చెప్పిన మాత్రలు మింగి ఉంటే నాలుక కింద మాత్ర పెట్టకుండా వెంటనే 108ని పిలవండి, వచ్చినవాళ్ళకి ఆ సంగతి దాచకుండా చెప్పండి. సిగ్గుకి అది సమయం కాదు. నొప్పి లేకపోయినా, పావుగంట దాటి గుండె దడదడలాడుతున్నా, మర్నాడంతా నీరసంగా ఉన్నా డాక్టరుకి చెప్పవలసిందే.

బి.పి.కి, గుండెకి ఇచ్చే కొన్ని మందులు కోరికనీ పటుత్వాన్నీ తగ్గించవచ్చు. ఇందులో ఒక తమాషా ఉంది. 2003లో ఇటలీ డాక్టర్లు అటెనొలాల్ మందుని మూడు జట్ల మగవాళ్ళకిచ్చారు. ఏ మందో చెప్పని జట్టులో నూటికి ముగ్గురు ఇబ్బంది ఉందన్నారు. మందు పేరు మాత్రం చెప్పిన జట్టులో నూటికి పదహారుగురు. పేరుతోపాటు ‘ఇలాంటి ఇబ్బంది రావచ్చు’ అని కూడా చెప్పిన జట్టులో ముప్ఫై ఒక్కరు! సగం రోగం మనసులోదే. ఈ మాట మీవారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం. మందు మాత్రం సొంతంగా మానిపించకండి, మార్చగలిగితే డాక్టరే మారుస్తారు.

ఇంతసేపూ ఆయన, ఆయన అంటున్నాను. గుండెపోటు మనకీ వస్తుందమ్మా. అమెరికాలోనూ స్పెయిన్‌లోనూ గుండెపోటు వచ్చిన నడివయసువాళ్ళని అడిగితే, మొదటి నెలలో ఈ సంగతి డాక్టరుతో మాట్లాడినవాళ్ళు మగవాళ్ళలో నూటికి 19 మంది, ఆడవాళ్ళలో 12 మంది అని 2014లో తేలింది. అక్కడే అలా ఉంటే మన సంగతి వేరే చెప్పాలా? గుండెపోటు వచ్చిన ఆడవాళ్ళకి ఇంకో జాగ్రత్త ఉంది. ఈస్ట్రోజెన్ ఉండే గర్భనిరోధక మాత్రలు, మాలా-డి వంటివి, వాడకూడదు. వేరే పద్ధతి డాక్టరమ్మని అడగండి.

మొదలుపెట్టడానికి తొందరేం లేదు. భోజనమైన వెంటనే వద్దు. ఒకటి రెండు గంటలు పోనివ్వండి. అలసిపోయిన రాత్రికన్నా నిద్రలేచిన పొద్దు మేలు. ముందు మంచాలు దగ్గరికి జరపండి, చాలు. చెయ్యి పట్టుకు పడుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

ఆ కంచం తోసేసిన మర్నాడు, పైన చెప్పినావిడ డాక్టరు దగ్గరికి తనూ వెళ్ళింది. ఆయన మందులు కొనడానికి బయటికి వెళ్ళిన సమయం చూసి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, ‘మేము మామూలుగా కాపురం చేసుకోవచ్చా అండీ?’ అని అడిగేసింది. ‘ఇన్నాళ్ళూ ఎవరు వద్దన్నారమ్మా?’ అన్నారట ఆయన. ఆ రాత్రి తన తలగడ తెచ్చుకుని మంచం మీద వేసింది. మొదటి పది రోజులూ వట్టి కబుర్లేనట.