మోకాలి నొప్పి: భక్తి లోపం కాదు

“అయ్యగారూ, మోకాళ్ళూని ప్రార్థించలేకపోతున్నాను, నా భక్తి తగ్గిపోయిందేమో!” మార్కాపురం, గిద్దలూరు వైపు సంఘాల్లో పెద్ద వయసు తల్లులు తరచుగా అనే మాట ఇది. అమ్మా, తగ్గింది భక్తి కాదు, మోకాలిలోని గుజ్జు. దావీదు దేవుని సన్నిధిలో కూర్చుండి ప్రార్థించాడని 2 సమూయేలు 7:18లో చదువుతున్నాం. కుర్చీలో కూర్చుని చేసే ప్రార్థనను కూడా దేవుడు వింటాడు.

మోకీలులో మూడు భాగాలుంటాయి: లోపలి వైపు, బయటి వైపు, చిప్ప వెనుక. చాలామందికి మొదట లోపలి వైపే అరుగుతుంది. అరిగిన ఆ ఒక్క భాగం మాత్రమే తీసి లోహపు, ప్లాస్టిక్ భాగాలు అమర్చడమే పాక్షిక మోకీలు మార్పిడి. మిగతా ఎముక, లిగమెంట్లు అలాగే ఉంటాయి. కోత చిన్నది, సాధారణంగా త్వరగా కోలుకుంటారు. అయితే మిగిలిన భాగాలు తర్వాత అరిగితే పూర్తి మార్పిడి అవసరం కావచ్చు. మూడు భాగాలూ అరిగినవారికి, రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవారికి ఇది సరిపడదు. బరువు తగ్గడం, తొడ కండరాల వ్యాయామం, చేతికర్ర, మందులు ముందుగా ప్రయత్నించాలి. వాటితో ఉపశమనం లేనప్పుడే ఆపరేషన్ ఆలోచన.

మన ప్రాంతంలో మరొక సంగతి గమనించాలి. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల కూడా కీళ్ళు, నడుము బిగుసుకుపోతాయి. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గూర్చి వ్రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివే. కీలు మార్చినంత మాత్రాన ఫ్లోరోసిస్ పోదు. అందుచేత మీరు ఏ బోరు నీళ్ళు త్రాగారో డాక్టరుకు తప్పక చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

కొందరు ఆపరేషన్ అంటే అవిశ్వాసమని భయపడి, ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళలు మింగుతున్నారు. సలహా లేకుండా ఎక్కువకాలం వాడితే అవి కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పౌలు సహచరుడైన లూకా వైద్యుడే (కొలొస్సయులకు 4:14). ప్రార్థన చేయండి, ఎముకల డాక్టరుకు కూడా చూపించుకోండి. నిలబడి తీసిన ఎక్స్‌రే చూపి, “నాకు ఎన్ని భాగాలు అరిగాయి? పాక్షిక మార్పిడి సరిపోతుందా?” అని అడగండి. ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ముందే విచారించండి.

సంఘ పెద్దలారా, మందిరంలో వృద్ధులకు కుర్చీలు వేయించండి. యౌవనస్థులారా, నడవలేని ఒక తల్లిని ఈ వారం ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అది కూడా ప్రభువు సేవే.