ఖాళీ డబ్బాకు రెండో బతుకు ఎప్పుడు? భీమిలి గోనె సంచి చెప్పే పాఠం

రంజాన్ నెల వెళ్లిపోయాక ఒకసారి వంటింటి అటక చూడండి. ఖర్జూరం డబ్బాలు, బాస్మతి బియ్యం సంచులు, నూనె డబ్బా, బిర్యానీ పార్సిల్ వచ్చిన ప్లాస్టిక్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఉంటాయి. "ఎప్పుడైనా పనికొస్తాయిలే" అని అమ్మీ దాస్తుంది. "ఈ చెత్తంతా ఎందుకు?" అని పిల్లలు విసుక్కుంటారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కొన్ని డబ్బాలు ఇరవై ఏళ్లు పనికొస్తాయి. కొన్నిటిని రెండోసారి వాడితే ఆరోగ్యానికే ముప్పు. ఏది ఏ రకమో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. దానికి మంచి ఉదాహరణ మన విశాఖ పక్కనే ఉంది.

భీమిలి నార

భీమునిపట్నం ఒకప్పుడు పెద్ద రేవు. డచ్చివాళ్ల కాలం నుంచి అక్కడ ఓడల వ్యాపారం సాగింది. ఉత్తరాంధ్ర పొలాల్లో పండే గోగునార కూడా ఆ రేవు మీదుగానే బయటి దేశాలకు వెళ్లింది. అందుకే ప్రపంచ మార్కెట్లో దానికి 'బిమ్లీ జూట్' అనే పేరు స్థిరపడింది. గోగు మొక్క మన గోంగూర కుటుంబంలోదే. దాని కాడల్ని కట్టలు కట్టి చెరువు నీళ్లలో నానబెడతారు. బాగా నానాక పీచు వలిచి, కడిగి, ఎండబెడతారు. ఆ పీచుతోనే గోనె సంచులు నేసేవారు. తగరపువలస దగ్గర చిట్టివలస జూట్ మిల్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, 2009లో మూతపడింది.

గోనె సంచి బతుకు ఎలా సాగుతుందో చూడండి. మొదట 50 కిలోల బియ్యం మోస్తుంది. ఖాళీ అయ్యాక పాత గోనెల వ్యాపారి కొంటాడు. మళ్లీ ధాన్యానికో, ఉల్లిపాయలకో వెళ్తుంది. చిరిగితే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. ఎండాకాలం తడిపి నీళ్ల కుండకు చుడతాం. చివరికి మట్టిలో పడితే మట్టిలోనే కలిసిపోతుంది. ఆహార ధాన్యాల ప్యాకింగుకు జనపనార సంచులు వాడాలని కేంద్రం 1987లో ప్రత్యేకంగా చట్టమే చేసింది.

ఆ సంచిలో ఉన్న గుణాలు నాలుగు. ఒకటి, గట్టిదనం. రెండు, నోరు పెద్దది, దులిపి ఎండబెట్టడం సులువు. మూడు, ఒక్క పనికే పుట్టిన ఆకారం కాదు, ఎలా కావాలంటే అలా మలుచుకోవచ్చు. నాలుగు, అందులో ముందు ఏం ఉండేదో అందరికీ తెలుసు. రెండో బతుకు ఉండాలంటే ఏ ప్యాకింగుకైనా ఈ నాలుగూ కావాలి.

కంపెనీ తలుచుకుంటే

1920, 30లలో అమెరికాలో పిండి నూలు గుడ్డ సంచుల్లో వచ్చేది. పేద కుటుంబాల ఆడవాళ్లు ఆ గుడ్డతో పిల్లలకు గౌన్లు కుట్టేవారు. ఈ సంగతి పిండి మిల్లులకు తెలిసింది. వాళ్లు సంచి మీద పూల డిజైన్లు అచ్చు వేయడం మొదలుపెట్టారు. కంపెనీ పేరును ఉతికితే పోయే రంగుతోనో, ఊడదీసే కాగితం మీదో వేశారు. గుడ్డ నచ్చి అదే పిండి కొనేవాళ్లూ ఉండేవారు. అంటే రెండో వాడకం ముందే ఆలోచించి చేస్తే కంపెనీకీ లాభమే.

మన ఇళ్లలో హార్లిక్స్ గాజు సీసా కథా అలాంటిదే. పొడి అయిపోయాక అందులో ఊరగాయో, పప్పో, మసాలానో పోసుకున్న తరం మనది. ఇప్పుడు వచ్చే చాలా ప్యాకెట్లు చింపగానే చెత్తే. లోపల రేకు పొర, పైన ప్లాస్టిక్ పొర అతికించి ఉంటాయి కాబట్టి వాటిని విడదీసి రీసైకిల్ చేయడమూ కష్టం.

ప్రభుత్వ నిబంధనల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. 2022 డిసెంబర్ 31 నుంచి దేశంలో 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. మందంగా ఉంటే మళ్లీ మళ్లీ వాడతారన్నది దాని ఉద్దేశం. మన జీవీఎంసీ అయితే 2022 జూన్ 5 నుంచే నగరంలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం పెట్టింది.

ఇక్కడ జాగ్రత్త

మనది పోర్టు సిటీ, ఫ్యాక్టరీల ఊరు. అందుకే పాత సామాను దుకాణాల్లో రెండు వస్తువులు చవకగా దొరుకుతాయి.

మొదటిది నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. నీళ్లు పట్టుకోవడానికి చాలామంది కొంటారు. అందులో ముందు యాసిడ్ ఉందో, రంగు ఉందో, పురుగుల మందు ఉందో దుకాణదారుకే తెలియకపోవచ్చు. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పూర్తిగా పోదు. ముందు ఏం ఉండేదో తెలియని డ్రమ్ములో తాగే నీళ్లు, వంట నీళ్లు, వజూ నీళ్లు ఏవీ నింపొద్దు. వంద రూపాయలు మిగులుతాయని చూసుకుంటే ఆసుపత్రి ఖర్చు వేలల్లో అవుతుంది.

రెండోది చెక్క ప్యాలెట్. విదేశాల నుంచి మెషీన్లు వచ్చేటప్పుడు వాటి కింద వేసే చెక్క పలకలు ఇవి. బెంచీలు, షెల్ఫులు బాగా వస్తాయి. కొనేముందు దాని మీద గోధుమ కంకి బొమ్మతో ఉన్న ముద్ర చూడండి. అందులో 'హెచ్‌టీ' అని ఉంటే, పురుగులు చావడానికి చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. అలాంటి చెక్కను ఇంట్లోకి తేవద్దు. ముద్ర లేకపోయినా, నూనె మరకలు ఉన్నా వదిలేయడమే మేలు.

వంటింట్లో పాటించాల్సినవి

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో అంకె చూడండి. 1 ఉన్న నీళ్ల సీసాలు ఒక్కసారి వాడకానికి చేసినవి, వేడివి పోయొద్దు. 2, 5 అంకెలున్నవి గట్టివి. వాటిలో తిండి సామాను వచ్చి ఉంటే పప్పులు, మసాలాలు దాచుకోవచ్చు. గీతలు పడినా, వాసన పట్టినా మొక్కలకు వాడండి. అంకె ప్లాస్టిక్ రకమే చెబుతుంది, ముందు అందులో ఏం ఉండేదో చెప్పదు.

పదిహేను కిలోల నూనె రేకు డబ్బాలో మళ్లీ నూనె నింపి అమ్మడానికి ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. అడుగున రెండు రంధ్రాలు చేస్తే పుదీనా, కొత్తిమీర, గోరింటాకు మొక్క బాగా పెరుగుతాయి.

బజ్జీలు, సమోసాలు న్యూస్ పేపర్లో చుట్టొద్దు. అచ్చు సిరా నూనెతో కలిసి తిండిలోకి దిగుతుంది. మన ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లు ఉండగా ఆ కాగితం ఎందుకు?

అన్నిటికంటే పాతదీ మంచిదీ అయిన పద్ధతి మన దగ్గరే ఉంది. ఇఫ్తార్ వేళ పక్కింటికి పళ్లెంలో పంపుతాం, వాళ్లు దాన్ని ఖాళీగా తిప్పి పంపరు. ఒక్కో పళ్లెం ఎన్ని ఇళ్లు తిరిగి ఉంటుందో లెక్కలేదు. బక్రీద్‌కు మాంసం హిస్సాలు పంచేటప్పుడు మాత్రం పల్చటి కవర్లకు అలవాటు పడిపోయాం. ఈసారి ముందురోజే ఒక మాట చెప్పి చూడండి: "రేపు వచ్చేటప్పుడు ఒక స్టీలు గిన్నె తెచ్చుకోండి." ఆ గిన్నె కడిగితే మళ్లీ కొత్తదే.