మేక ఒంటిపై నీటి గడ్డా? బ్లేడు పెట్టకండి!

మెట్ట రైతుకు పంట పోయిన ఏడు చేతికి నాలుగు డబ్బులిచ్చేవి జీవాలే. దేవరకొండ నుంచి నారాయణపేట దాకా ఇదే మాట. అలాంటి మేక తొడ మీదో, మెడ పక్కనో, భుజం దగ్గరో నిమ్మకాయంత గడ్డ లేస్తుంది. నొప్పి ఉండదు, మేత మానదు. అదే పోతుందిలే అని వదిలేస్తాం. కొన్ని నెలలకు అది బత్తాయంత అవుతుంది. మేక కుంటుతుంది. సంతలో బేరగాడు ధర తగ్గిస్తాడు. అప్పుడు కంగారుపడి వాతలు పెట్టించడమో, బ్లేడుతో కోయించడమో చేస్తాం. నష్టం అక్కడే జరుగుతుంది.

గడ్డలన్నీ ఒకటి కావు

చీముగడ్డ: ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, నొప్పికి మేక ఎగిరిపడుతుంది. దవడ కింద, భుజం ముందు లేచే గడ్డల్లో జున్నులాంటి గట్టి చీము ఉంటే అది అంటువ్యాధి. దొడ్డిలో పగలగొడితే మందకంతా అంటుకుంటుంది.

రక్తపు గడ్డ: కొమ్ము పోటు తగిలిన చోట ఒక్కసారిగా లేస్తుంది. తొలి రోజుల్లో కోస్తే రక్తం ఆగదు.

దవడ కింద నీరు: వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఇది గడ్డ కాదు, కడుపులో పురుగుల వల్లనో, జలగ వ్యాధి వల్లనో దిగే నీరు. పురుగుల మందు పట్టించాలి.

పేగు జారిన గడ్డ: బొడ్డు దగ్గర, డొక్కలో వస్తుంది. నొక్కితే లోపలికి పోతుంది. దీనికి కత్తి పెడితే పేగులే బయటికొస్తాయి.

నీటి తిత్తి: మెత్తగా, చల్లగా ఉంటుంది. నొప్పి ఉండదు. మెల్లమెల్లగా పెరుగుతుంది.

సూదితో తేలిపోతుంది

పేగు జారలేదని చూసుకున్నాక డాక్టరు శుభ్రమైన సూదితో కాస్త తీసి చూస్తారు. చీమొస్తే చీముగడ్డ, రక్తమొస్తే దెబ్బ గడ్డ, తేటనీరు వస్తే తిత్తి. నీరు తీసేస్తే గడ్డ అణుగుతుంది కదా అనుకోవద్దు. సంచి లోపలే ఉంటుంది కనుక మళ్లీ నిండుతుంది.

ఆపరేషన్ ఇలా

ముందురోజు రాత్రి నుంచి మేత ఆపాలి. గడ్డ మీద వెంట్రుకలు గొరిగి, అయోడిన్ మందుతో కడిగి, చుట్టూ మత్తు సూది వేస్తారు. తోలు కోసి సంచిని పగలకుండా వేళ్లతో విడదీసి మొత్తంగా తీస్తారు. కుట్లు వేసి సూదిమందు ఇస్తారు. ఇంటికి తెచ్చాక పొడి చోట కట్టేయండి. ఈగ వాలితే పుండులో పురుగు పడుతుంది, రోజూ చూడండి. పది పన్నెండు రోజులకు కుట్లు విప్పించండి. మందులు వాడిన మేకను ఎన్ని రోజుల దాకా కోతకు అమ్మకూడదో డాక్టరును అడగండి.

అసలు దొంగ కుక్క కడుపులో

తీసిన సంచిని విప్పి చూస్తే తేటనీటిలో నూకల్లాంటి తెల్లని చుక్కలు గుంపులుగా కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక బద్దె పురుగు తల. 1916లో హాల్ అనే శాస్త్రవేత్త ఈ పురుగుకు గైగర్ అనే పశువైద్యుడి పేరు పెట్టారు.

ఆ సంచిని కుక్కకు విసిరితే దాని పేగుల్లో ఈ తలలన్నీ పురుగులవుతాయి. నెలన్నర, రెండు నెలల్లో కుక్క పెంటలో గుడ్లు పడతాయి. ఆ గడ్డి మేసిన మేకకు మళ్లీ గడ్డ. ఇదే జాతి పురుగు మెదడులో చేరితే గొర్రె గుండ్రంగా తిరుగుతూ చస్తుంది. అరుదుగా మనుషులకూ సోకుతుంది. కుక్కను ముట్టుకున్న చేత్తో పిల్లలను అన్నం తిననివ్వద్దు.

కాబట్టి తీసిన సంచిని కాల్చండి, లేదా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. జీవం కోసినప్పుడు తలకాయ, గడ్డలు కుక్కలకు వేయకండి. కాపలా కుక్కకు మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ బిళ్ల పెట్టండి. పది కిలోల బరువుకు 50 మిల్లీగ్రాములు చాలు. ఆ రెండు మూడు రోజులు కుక్కను కట్టేసి, దాని పెంటను పాతిపెట్టండి.

మేకకు ఆపరేషన్ చేయించి కుక్కను వదిలేస్తే వచ్చే ఏడు మరో మేకతో ఆస్పత్రికి పోవాల్సిందే.